ముందు నువ్వు మింగు

(శామీర్‌పేట చెరువుకు ఆవల ఒక ఫాంహౌస్. 2013, కార్తీక మాసం, పొద్దున తొమ్మిది గంటలు. వరండాలో యజమాని రాజారావు, రిటైర్డ్ ఇంజనీరు. మెట్ల మీద కావలిమనిషి లింగస్వామి. ఇద్దరి వయసూ అరవై ఆరే.)

"అటూ ఇటూ తిప్పకుండా సూటిగా చెప్పు. మొదటి వారం నీ కడుపు ఎలా ఉండింది?"

"కడుపా సారు? కడుపు మంచిగనే ఉండె."

"మోషన్లు?"

"మోషన్లంటె... ఐనయి సారు. ఐనయంటె ఐనయి, లేదంటె లేదు."

"ఇదేం సమాధానంరా? నీ కడుపు సంగతి నీకే తెలీదా? నాకు తెల్లారి లేచిన దగ్గర్నుంచి ఇది నాలుగోసారి. నోరంతా ఇత్తడి చెంబు నాకినట్టుంది. నేను మొదలుపెట్టి తొమ్మిది రోజులే. నువ్వు మూడు నెలలు మింగావు. నీకిలా అయిందా, లేదా?"

"ఆగున్రి సారు, జర యాద్ జేస్కోనియ్యున్రి. ఆఁ, ఐంది. మొదటి వారం ఐంది. కడుపుల తిప్పినట్టు, బువ్వ సైసకపోవుడు. అన్నం తిన్నంక మింగుడు షురూ జేసినంక తగ్గింది."

"ఎప్పుడు తగ్గింది?"

"శుక్రారం నాడు."

"ఏ శుక్రవారం?"

"శంకరమ్మ తలకు పోస్కున్న శుక్రారం."

"నీ పెళ్లాం తలంటుకోవడానికీ నీ కడుపుకీ ఏమిట్రా సంబంధం?"

"గుర్తుకు జెప్తున్న సారు."

"ఇందుకే మీరు బాగుపడరు. తారీకు అడిగితే తారీకు చెప్పరు. బోనాల ముందు, కల్లు తాగిన మర్నాడు, ఎద్దు ఈనిన రోజు..."

"ఎద్దు ఈనదు సారు."

"నోర్ముయ్. రాసుకుంటున్నా. చూడు, ఈ నోట్‌బుక్ నిండా నువ్వే. పైన నీ పేరు కూడా రాయలేదు, 'సబ్జెక్టు' అని రాశాను."

"సబ్జెక్టంటె ఏంది సారు?"

"అంటే నువ్వే. మనిషనుకో."

"సారు, ఒక్క మాట. మీకు షుగర్ లేదు, నాకు షుగర్ లేదు. మరి మనకు గీ షుగర్ గోలి..."

"షుగర్ మాత్రని నీకెవరు చెప్పారు? బలం మాత్ర అన్నాను కదా నేను?"

"మెడికల్ షాపు జలీల్ సాబ్ జెప్పిండు."

"డబ్బా మీద పేరు చదవడం తప్ప జలీల్‌కేం తెలుసు? సరే, తెలిసింది కాబట్టి విను. విదేశాల్లో ఎలుకలకి ఈ మాత్ర వేసి చూశారట. వేసిన ఎలుకలు వేయనివాటికన్నా ఎక్కువ రోజులు బతికాయట. ముసలితనం వెనక్కి పోతుందట. నాతో వాకింగ్‌కి వచ్చే కౌకూర్ వీరభద్రం చదివి చెప్పాడు."

"ఎలుకలు బతకనీకె మందు పెట్టిన్రా సారు?"

"ఆఁ."

"మా ఊర్ల సావనీకె పెడ్తరు."

"మీ ఊరు ఎప్పటికీ మీ ఊరే."

"మరి మనుషులకు ఏసి సూసిన్రా?"

"చూస్తారు. పదేళ్లు పడుతుంది. వాళ్లు తేల్చేదాకా చేతులు కట్టుకుని కూర్చుంటే నాకు డెబ్బై ఆరొస్తాయి. అందుకే నిన్ను చూసుకున్నా. నీది నా వయసే. షుగర్ లేదు. చదువు లేదు కనక భయమూ లేదు."

"ఎలుక తర్వాత నేనన్నట్టు."

"అలా ఎందుకనుకుంటావు? ఎలుకకి జీతం ఇవ్వరు."

"గదీ నిజమే. గని సారు, గన్ని ఏండ్లు బతికి ఏం జేస్తరు?"

"ఏం చేస్తానా! కీసర దగ్గర ప్లాట్లు కొని పెట్టాను. ఇరవై ఏళ్లకి గానీ వాటికి రేటు రాదు. అప్పటికి నేనుండొద్దూ? ఇంకోటి, ఆ వీరభద్రం. డెబ్బై దాటాయి, రోజూ ఈ మాత్ర మింగుతాడు, జుట్టుకి రంగేసుకుని పొద్దున్నే నన్ను దాటుకుని పరిగెడతాడు. వాడి పెద్దకర్మకి నేను వెళ్లి గారెలు తినాలి గానీ, నా పెద్దకర్మకి వాడు రాకూడదు."

"డాక్టరు సాబ్ ఏమన్నడు సారు? సికింద్రాబాద్ పోయొస్తిరి గదా."

"ఏమంటాడు! రక్తం చూసి, మీ కిడ్నీల లెక్క కాస్త తేడాగా ఉంది, ఈ మాత్ర మీకు పడదు, అసలు అవసరమే లేదు అన్నాడు. నాలాంటివాళ్లు నూరేళ్లు నిక్షేపంగా బతికితే వాడి దుకాణం ఏం కావాలి?"

"కిడ్నీలా?"

"నీకెందుకురా అంత ఉలికిపాటు?"

"ఏం లేదు సారు. జలీల్ సాబ్ గూడ గదే అన్నడు. కిడ్నీలు కమ్జోరున్నోళ్లు గీ గోలి మింగొద్దని."

"నా కిడ్నీల గురించి వాడితో చర్చ పెట్టావా?"

"మీయని అనలే సారు. గోలి గురించి అడిగిన గంతే. మరి మీరు డాక్టరు మాట ఇనుడు మంచిది గాదా?"

"వినను. డాక్టరు మాట నమ్మను, వీరభద్రం మాట నమ్మను. నీ మాట నమ్ముతా. ఎందుకో తెలుసా?"

"ఎందుకు సారు?"

"అబద్ధం చెప్పడానిక్కూడా కాస్త బుర్ర కావాలి."

"అవు సారు."

"ఇక్కడ బోరు వేసిన కొత్తలో నీళ్లు ఎవరు తాగారు?"

"నేనే ముందుగాల తాగిన. నాలుగు దినాలు."

"వానాకాలం పుట్టగొడుగులు మొలిచినప్పుడు?"

"పుట్టకొక్కులు నేనే తిన్న. మీరు వాచీ సూస్కుంట కూసున్నరు."

"కల్లు?"

"నేనే. గది మాత్రం మంచిగుండె."

"ప్రతిసారీ నేనేమన్నాను?"

"ముందు నువ్వు, నేను చూసి."

"ముందు నువ్వు తాగు, నేను చూసి తాగుతా. ముందు నువ్వు తిను, నేను చూసి తింటా. ముందు నువ్వు మింగు, నేను చూసి మింగుతా. ఇన్నేళ్లలో నాకేమైనా అయిందా?"

"మీకేం గాలే సారు. పుట్టకొక్కులప్పుడు నాకు జరంత..."

"అందుకేగా నేను తినలేదు! దాన్నే పద్ధతి అంటారు. ఇదిగో, నువ్వు చెప్పినవన్నీ వరసగా చదువుతాను, అవునో కాదో చెప్పు. రెండో ఆదివారం, దాహం తగ్గింది."

"దూప మస్తు తగ్గింది. అంతకు ముందు బిందెలకు బిందెలు ఖాళీ."

"ఐదో ఆదివారం. రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేచేది ఒకసారికి వచ్చింది."

"ఒక్కోనాడు గది గూడ లేదు."

"ఎనిమిదో ఆదివారం. అరికాళ్ల మంటలు పోయాయి."

"పోయినయి. గదైతె పక్కా."

"పదో ఆదివారం. కాలి పుండు మానింది. ఇదొక్కటి చాలు. నీ మాట మీద వదిలేయలేదు నేను, రెండు కాళ్లూ తిప్పి చూశాను. పుండు కాదు కదా, మచ్చ కూడా లేదు!"

"మచ్చ యాడిది సారు."

"అంత శుభ్రంగా మానింది! ఇక ట్యాంకు మెట్లు. ఆగస్టులో ఎక్కమంటే మూడుచోట్ల ఆగి రొప్పావు. ఇప్పుడు ఒక్క బిగిని ఎక్కుతున్నావు."

"బీడీలు బంద్ జేయించిన్రు గద సారు."

"బీడీ వేరు, ఇది వేరు. మధ్యలో అడ్డం రాకు. మేడ్చల్‌లో రక్తం తీయించాను. మొదట షుగర్ తొంభై ఎనిమిది. మొన్న ఎంతొచ్చింది?"

"తొంబై ఆరు."

"రెండు తగ్గింది! ఏ రోగమూ లేనివాడికే రెండు తగ్గిందంటే అది మామూలు మాత్ర కాదు."

"సారు, సల్ల తెచ్చిన."

"మజ్జిగ అక్కడ పెట్టు. శంకరమ్మా, సమయానికి వచ్చావు. నీ మొగుడు రాత్రిపూట ఎన్నిసార్లు లేస్తున్నాడు?"

"ఎందుకు లేస్తడు సారు?"

"అదే, మూత్రానికి."

"ఆయననా! పండుకున్నడంటె మీద పిడుగు పడ్డా లేవడు. లగ్గమైన కాడికెల్లి గంతే. మీ గేటుకు కావలి కుక్కలే గని గీయన గాదు."

"లగ్గమైన దగ్గర్నుంచా? మరి ఈ నాలుగుసార్లు..."

"ఆమెకేం ఎర్క సారు, ఆమె నిద్రల ఉంటది. శంకరమ్మ, పోయి పొయ్యి మీద పప్పు సూడు."

"పప్పు దించే వచ్చిన."

"ఐతె మల్ల ఎక్కియ్యి."

"ఇదేందయ్యా, దించిన పప్పు మల్ల ఎందుకు ఎక్కిస్త?"

"శంకరమ్మా, ఆగు. ఏమిటి, కుంటడం మానేశావు?"

"తగ్గింది సారు. చెప్పు కరిసిన పుండు, ఉగాది సంది నన్ను సతాయించింది. కాలి ఏళ్లు తీసేస్తమన్నరు దవాఖానల. ఇప్పుడు పక్కు గట్టి రాలిపోయింది. మీ దయ."

"నా దయేమిటి మధ్యలో?"

"అంటె... మీ నీడకు బతుకుతున్నం గదా సారు."

"నీకు షుగర్ కదూ? నేను చెప్పినట్టు తిండి తగ్గించావా?"

"తగ్గించిన."

"చూశావా లింగస్వామీ, కడుపు మాడిస్తే పుండైనా మానుతుంది. తిండెక్కువై వచ్చే రోగాలు ఇవన్నీ."

"తిండెక్కువై. మాకు. మంచిది సారు, పప్పు సూస్త."

"ఏమిట్రా, మూతి ముడుచుకుని పోయింది?"

"ఆమె మూతే గంత సారు."

"సరే. మొత్తానికి లెక్క తేలింది. నీ పని అయిపోయింది. ఈ ఆదివారం నుంచి నీకు మాత్రలివ్వను."

"గట్లనకున్రి సారు! ఇంకో రెండు నెలలు ఇయ్యున్రి."

"ఎందుకు?"

"ఇంక మంచిగ తేలుతది గదా."

"తేలాల్సింది తేలింది. ఓహో! అర్థమైంది. నీకూ ఆశ పుట్టిందన్నమాట. కుర్రాడివైపోదామని! ఒరే లింగస్వామీ, గేటు తీసి గేటు వేయడానికి నూరేళ్లు కావాలా? నువ్వు డెబ్బైలో పోయినా, నూట ఇరవైలో పోయినా ఆ గేటుకి తేడా తెలీదు."

"నాకొద్దు సారు నూరేండ్లు."

"మరి మాత్రలెందుకు?"

"పోనియ్యున్రి, గోలీలొద్దు. గురువారం పూట ఛుట్టియ్యున్రి. సర్కారు దవాఖానల షుగర్ గోలీలు గురువారమే ఇస్తరు. శంకరమ్మను తోల్కపోవాలె. ఒక్కతి బస్సెక్కలేదు, ఆమెకు కండ్లు గూడ సరిగ కనిపిస్తలేవు."

"గురువారం వీరభద్రం వాళ్లు ఇక్కడికొస్తారు. గేటు ఎవడు తీస్తాడు?"

"ఒక్క పూట సారు. పొద్దుగాల పోయి పన్నెండింటికి వస్త."

"ఇన్నాళ్లూ ఏం చేసింది? ఈ మూడు నెలల్లో ఒక్క గురువారమైనా అడగలేదే నువ్వు?"

"అప్పుడు... అప్పుడు ఉండె సారు."

"ఏముండె?"

"గోలీలు ఉండె. అటీటు దొరికినయి. ఇప్పుడు దొరకయి. బంద్ జేస్తె మల్ల మొదటికొస్తది, ఆ కాలు ఉండది సారు. మీ కాలు మొక్కుత."

"లే, లే. పొద్దున్నే కాళ్లు పట్టుకోకు. ఒకరి కాలుకి ఒక సెలవు, ఇంకొకరి కంటికి ఒక సెలవు ఇస్తూ పోతే ఇది ఫాంహౌస్ కాదు, ధర్మాసుపత్రి అవుతుంది. కుదరదంటే కుదరదు. ఆ డబ్బా ఇటివ్వు, గ్లాసు కూడా."

"పొద్దుగాల ఒకటి మింగిన్రు గద సారు."

"ఈ రోజు నుంచి మూడు."

"మూడా!"

"నువ్వు మూడు నెలలు పూటకొకటి చొప్పున రెండు మింగి గుండ్రాయిలా ఉన్నావు. నీ తిండికే రెండు తట్టుకున్నావంటే నా తిండికి మూడెంత?"

"మోషన్లు ఐతున్నయి గదా."

"నీకూ అయ్యాయి. తగ్గాయి."

"కిడ్నీలు..."

"నీ కిడ్నీలకేమైంది? ఏమీ కాలేదు. నీకేమీ కానిది నాకెందుకవుతుంది? వీరభద్రం ఒకటే మింగుతాడు, పిరికిగొడ్డు. నేను వాణ్ణి దాటేస్తాను."

"సారు, ఆ గిలాస కింద పెట్టున్రి."

"ఏమిటీ?"

"కింద పెట్టున్రి. మింగకున్రి సారు, మీకు దండం పెడ్త."

"నువ్వెవడివిరా నాకు చెప్పడానికి?"

"నేను మింగలే."

"ఏం మింగలేదు?"

"గోలీలు. మింగలే."

"ఎన్ని ఎగ్గొట్టావు? నిజం చెప్పు, లెక్క మళ్లీ వేసుకోవాలి. వారానికి ఒకటా, రెండా?"

"ఒక్కటి గూడ మింగలే సారు."

"...తమాషాగా ఉందా? ప్రతి ఆదివారం ఖాళీ షీట్లు తెచ్చి ఒప్పజెప్పావు కదరా! నా చేతుల్తో లెక్కపెట్టాను!"

"షీట్లు ఖాళీయే సారు. ఖాళీ జేసింది నేను గాదు."

"మరెవరు?"

"శంకరమ్మ."

"శంకరమ్మా!"

"మీరు ఇచ్చిన మొదటి షీటు తీస్కపోయి జలీల్ సాబ్‌కు సూపెట్టిన. మీరు బలం గోలి అన్నరు గదా, ఎట్ల మింగాల్నో అడుగుదామని. ఆయన నవ్విండు. 'నీకెందుకు భాయ్, గిది మీ ఆమె గోలి, ఆమె చీటీల రాసి ఉన్నదే గిది' అన్నడు. దేవుడే మీ చేత ఇప్పిస్తుండనుకున్న."

"మరి ఆ దాహం?"

"ఆమెదే."

"రాత్రి లేవడం?"

"గదీ ఆమెదే."

"అరికాళ్ల మంటలు?"

"ఆమెయే సారు."

"పుండు! మచ్చ కూడా లేకుండా మానిన పుండు!"

"నా కాలుకు పుండే లేకపాయె, మచ్చెట్లుంటది? ఆదివారం ఆదివారం ఏం గుణం కనిపించిందని అడుగుతుంటిరి. కనిపించిందే జెప్పిన. ఎవరికని మీరడగలే."

"మోషన్లు అన్నావు ఇందాక! శుక్రవారం తగ్గాయన్నావు!"

"ఆమె తలకు పోస్కున్న శుక్రారం అన్న సారు. గది గూడ నిజమే."

"దానికి షుగరుందిరా వెధవా! షుగరున్నదానికి షుగర్ మాత్ర పనిచేస్తే అందులో వింతేముంది? నా మూడు నెలలు! నా నోట్‌బుక్! నేను వెతికింది షుగర్ లేని మనిషి కోసం. షుగర్ లేనివాడు ఇది మింగితే ఏమవుతుందో చూద్దామని..."

"గట్లాంటోళ్లు మీరొక్కలే సారు. తొమ్మిది దినాల సంది."

"...నేనా?"

"అందుకే గిలాస కింద పెట్టున్రి అన్న. జెప్తె గోలీలు బంద్ జేస్తరని తొమ్మిది దినాలు నోరు కట్టుకున్న, గది నా తప్పే. గని మీ కిడ్నీల సంగతి నాకు ఇయ్యాలనే ఎర్కయింది. మూడు మింగుతుంటె సూస్కుంట ఉండలేను సారు. నేను ఆటో పిలుస్త, డాక్టరు కాడికి పోదాం నడున్రి."

"దొంగ! ఉప్పు తిన్న ఇంటికే... పో! ఇద్దరూ పొండి! మధ్యాహ్నానికి గది ఖాళీ చేయాలి!"

"ఎర్కనే సారు. గుండ్లపోచంపల్లిల ఒక గోదాం కాడ కావలి పని ఉందన్నరు. గురువారం పూట ఛుట్టి ఇస్తరంట. మీరిస్తె గీడనే ఉందుమని ఇన్నొద్దులు ఆగిన. శంకరమ్మ, మూట గట్టు!"

"ఆగు! ఎక్కడికిరా పోయేది? నా కడుపులో తిప్పుతోంది. తొమ్మిది రోజులు మింగాను, ఇది నాకేం చేస్తుందో నాకెవరు చెబుతారు? పట్టు, ఇదిగో మాత్ర, ఇవిగో నీళ్లు. నా కళ్ల ముందు వేసుకో. మళ్లీ మొదట్నుంచి మూడు నెలలు. ముందు నువ్వు మింగు!"

"మీరు మింగిన్రు గద సారు. నేను సూసి మింగుత."